లబాసా కూలీలైన్లలో నా ప్రశ్నల కాగితాలు

మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ బతుకు గురించి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకు రావడం. ముప్పయ్యేళ్ళకు పైగా నేను చేసిన పని ఇంతే. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. చేసి చూస్తే మాత్రం ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు మన పిల్లల్లో చదువుకున్నవాళ్ళు కొందరు ఈ పనిలోకి వస్తున్నారు. చంకలో కాగితాల కట్ట, జేబులో పెన్సిలు, నోటినిండా ప్రశ్నలు. ఈ ఫిజీ దీవుల్లో ఇన్ని జాతులవాళ్ళు ఒకే ప్రభుత్వం కింద ఎలా బతుకుతున్నారు, చట్టం అందరినీ ఒకే చూపు చూస్తోందా, ఎవరికి ఎంత మాట చెల్లుతోంది, ఇదంతా తెలుసుకు రమ్మని వాళ్ళను పంపుతారు. మంచి పనే. మొన్న వాళ్ళలో ఒకాయన మా ఇంటికొచ్చి, మంచి ప్రశ్న అడగడం ఎలాగో చెప్పమన్నాడు. ప్రశ్న ఎవరైనా అడుగుతారు నాయనా, వచ్చిన జవాబును ఎక్కడ పెడతావన్నదే అసలు సంగతి అన్నాను. పెట్టెలో పెడతానన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఇది రాసి తీరాలని.

నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఆఫీసులో ఏ కుర్చీ ఇచ్చారు, అవేవీ ఇక్కడ రాయడం లేదు. కుర్చీలు ఎవరు కూర్చున్నా ఒకలాగే కిర్రుమంటాయి. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఇంకా గిర్మిట్ నడుస్తున్న రోజుల్లో, లబాసా వైపు ఒక ఎస్టేటులో జరిగింది చెప్తాను. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా దాని ముందు దిగదుడుపే.

వేలు చాలన్నారు

నేనూ గిర్మిట్ మీద వచ్చినవాణ్ణే. అయిదేళ్ళు చెరకుతోటలో పనిచేస్తానని ఒప్పుకుంటూ వేలిముద్ర వేసే కాగితాన్ని మనవాళ్ళు గిర్మిట్ అనేవారు. మాది విజయనగరం పక్క పల్లె. అయిదో తరగతి దాకా చదివాను. ఇంట్లో తగువు పడి, కోపం తలకెక్కి, కూలీలను ఓడలెక్కించే మద్రాసు డిపోలో తేలాను. నాకు సంతకం చేయడం వచ్చునని గొప్పగా చెబితే అక్కడి గుమాస్తా నవ్వి, "వేలు చాల్లే" అన్నాడు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.

ఆ అయిదేళ్ళలో చెరకు కొట్టాను, కలుపు తీశాను, తన్నులు తిన్నాను. ఓడలో అరవం పట్టుబడింది. కూలీల గదులుండే లైన్లలో హిందూస్తానీ వచ్చింది. నది అవతల ఫిజీ పల్లెకు చేపల కోసం పోయి వాళ్ళ భాష కొంత నేర్చుకున్నాను. ఒక పాదిరీ దగ్గర ఇంగ్లీషు చక్కబెట్టుకున్నాను. గిర్మిట్ తీరిందనే ఫ్రీ కాగితం చేతికొచ్చేసరికి నా దగ్గర చిల్లిగవ్వ లేదు గానీ అయిదు భాషలున్నాయి.

సరిగ్గా అప్పుడే మా దొర వచ్చాడు. ఆయన కంపెనీ మనిషి కాదు, ప్రభుత్వం మనిషీ కాదు. ఎక్కడో పెద్ద విద్యాలయంలో చదువు చెప్పేవాడు. పలు జాతులున్న దేశంలో పాలన ఎలా సాగుతోందో చూసి పుస్తకం రాయాలని వచ్చాడు. ఎండకు ముక్కు పొరలు పొరలుగా ఊడిపోతున్నా టోపీ పెట్టుకోవడం మరిచిపోయేవాడు. నా చేతి అన్నం తినేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. అంతవరకు ఏ తెల్లవాడూ నన్ను నంబరుతో తప్ప పిలవలేదు. ఆ ఒక్క పిలుపుకే నేను పడిపోయాను.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. ఒక్కొక్కరికి రెండు కాగితాలు, పైన గుండుసూదితో కలిపి గుచ్చాలి. మొదటి కాగితం మీద మనిషి పేరు రాయకూడదు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియకూడదు కనుక. వచ్చిన ఓడ, పుట్టిన ఊరు, వయసు, ఆరోగ్యం రాయాలి. ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు మాట్లాడామో తప్పనిసరిగా రాయాలి. రెండో కాగితం మీద ఆ మనిషి చెప్పిన మాటలు. "చోటూ వేళా లేని మాట గాలిమాట" అనేవాడు దొర. నేను ఆ గంటలూ నిమిషాలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాణ్ణి. నా దస్తూరి చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి.

ఓడ అన్న ఇంటి భోజనం

జహాజీ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. ఒకే ఓడలో వచ్చినవాళ్ళం ఒకరికొకరు జహాజీలం. ఆ నీళ్ళ మీద కులం పోయింది, ఊరు పోయింది, ఇంటిపేరు పోయింది. ఎవరూ మిగలని చోట పక్కన వాంతి చేసుకున్నవాడే అన్న అయ్యాడు. జహాజీ అన్న కూతురు మనకు కూతురే, ఆ ఇంటితో పెళ్ళి సంబంధం కలుపుకోకూడదు. జహాజీ దగ్గర దాపరికం పెట్టుకోకూడదు. తోడబుట్టినవాడితో తగువు పడి వచ్చినవాణ్ణి నేను, ఓడ అన్నతో ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు.

నా ఓడ అన్న పేరు గవరయ్య. నాకంటే ముందే పైకొచ్చాడు. దొర నన్ను పంపిన ఆ ఎస్టేటులో అతను సర్దార్. కూలీలకు పొద్దున్నే గొలుసుతో చెరకుసాళ్ళు కొలిచి ఇవ్వడం, తర్వాత వచ్చి పని పూర్తయిందో లేదో చూడడం సర్దార్ పని. ఒక రోజుకు కొలిచి ఇచ్చిన పనిని టాస్కు అనేవారు. టాస్కు పూర్తయితే ఆ మనిషి ఇంటికి పోవచ్చు. కాలేదని సర్దార్ అంటే కోర్టే.

నేను వస్తున్నానని ముందే గవరయ్యకు కబురు పెట్టాను. ఏం, అన్న ఇంటికి కబురు పెట్టకుండా వెళ్తామా? అతను కోడిని కోయించి, కొత్త చాప వేయించి, నన్ను కౌగిలించుకున్నాడు. "ఒరే తమ్ముడా, ఈ ఎస్టేటులో నువ్వు ఎక్కడ తిరిగినా రాత్తిరి బువ్వ నా ఇంటికాడే. భాయ్ ఉండగా ఇంకోడింట్లో తింటే నా ముకం ఏటవుతాది?" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాటి నుంచి లైన్లలో తిరిగాను. చిన్న చిన్న రేకు గదులు, ఒక్కో గదిలో ముగ్గురు మగవాళ్ళో, ఒక కుటుంబమో. టాస్కు ఎలా ఉంది అని అడిగితే బాగుందన్నారు. కులంబర్, అదే తోట మీద ఉండే తెల్ల ఓవర్సీరు, ఎలాంటివాడు అంటే దేవుడన్నారు. చట్టం అందరికీ ఒకటేనా అంటే ఒకటే బాబూ అన్నారు. తెలుగువాళ్ళు, అరవవాళ్ళు, ఉత్తరాదిన బస్తీ అనే జిల్లా నుంచి వచ్చిన హిందూస్తానీలు, అందరిదీ అదే జవాబు. నాలుగు రోజుల్లో నా కట్ట మందంగా తయారైంది. ఇంత మంచి ఎస్టేటు ఫిజీలో ఉందా అని నేను ఆశ్చర్యపోయాను. అయిదేళ్ళు నేను తిన్న తన్నులు నాకే గుర్తు రాలేదంటే నా తెలివి ఎంతదో చూడండి.

వాగు దగ్గర

అయిదో రోజు మధ్యాహ్నం తోటకు దిగువన వాగు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. వాళ్ళలో ఒకామెకు ఏడో నెల. పేరు నరసమ్మ, పలాస దగ్గరి మనిషి. నేను కాగితం తీసి మామూలు ప్రశ్న మొదలుపెట్టేసరికి ఆమె నవ్వింది.

"బాబూ, నువ్వు రోజూ సర్దారింట్లో బువ్వ తింటన్నావు. నీకు నిజం ఎవులు సెప్తారు?"

ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. నేను వచ్చే ముందురోజు సాయంత్రం సర్దార్ అందరినీ వరసగా నిలబెట్టి, రాసుకునేవాడు వస్తున్నాడు, ఏమడిగినా బాగుందనాలి, వాడు నా ఓడ తమ్ముడు, మీరు చెప్పింది నాకు చెప్పక మానడు అన్నాడట. అంటే నేను అన్న ఇంటికి పంపిన కబురే నా పనికి గొయ్యి తవ్వింది. నాలుగు రోజులు నేను రాసింది జనం మాట కాదు, గవరయ్య మాట. ఒకే మాటను నలభై నోళ్ళతో చెప్పించుకుని నలభై కాగితాల మీద ముత్యాల్లా రాశాను.

"నేను ఎవరికీ చెప్పను. నీ పేరు కూడా రాయను. ఒట్టు" అన్నాను.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. ఆరోజు టాస్కు పొద్దు నడినెత్తికి వచ్చేసరికే పూర్తి చేశారు. కొలవడానికి సర్దార్ రాలేదు. అతను కావాలనే రాడు. ఆడవాళ్ళు చేలో కాచుకుని ఉంటే కులంబర్ గుర్రమెక్కి వస్తాడు, చెరకు పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ ఏదీ కనబడదు. అందుకే ఆడవాళ్ళంతా పని కాగానే కలిసి వాగు దగ్గరికి వచ్చేస్తారు. తన మీద చెయ్యి వేయబోయినప్పుడు నరసమ్మ కొడవలి ఎత్తింది. అప్పటినుంచి ఆమెకు రాళ్ళ నేలలో సాళ్ళు పడుతున్నాయి.

"కోర్టుకు ఎందుకు వెళ్ళలేదమ్మా?" అన్నాను.

"ఇంకో నెల్లాళ్ళు బాబూ. నెల్లాళ్ళు నోరు మూసుకుంటే నా గిర్మిట్ అయిపోతాది. మావోడు అప్పన్న ఫ్రీ అయిపోనాడు. ఊరవతల చిన్న బూమి కౌలుకు తీసుకుని ఇల్లేస్తన్నాడు. ఈ కడుపులోది ఆ ఇంట్లో పుట్టాల. ముందోడు ఈ లైనులో పుట్టినాడు, ఈ లైనులోనే పోనాడు. ఇది మాత్తరం ఇక్కడ పుట్టకూడదు. అంతే నా ఆశ."

నేను అంతా రాశాను. మొదటి కాగితం మీద ఓడ పేరు, పలాస, వయసు ఇరవై నాలుగు, ఏడో నెల గర్భిణి. వాగు ఒడ్డు, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు. పేరు మాత్రం రాయలేదు. దొర చెప్పిన పద్ధతి తు చ తప్పకుండా పాటించాను. ఆ ఎస్టేటు మొత్తంలో పలాస మనిషి, ఆ ఓడలో వచ్చినది, ఏడో నెలలో ఉన్నది ఒక్కతే అన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పేరు దాచి ముఖం గీసి ఇచ్చాను.

నది అవతల

మర్నాడు నది దాటి ఫిజీ పల్లెకు వెళ్ళాలి. వానపొద్దు. పడవలో కాగితాలు తడుస్తాయని కట్టను గవరయ్య ఇంట్లో, అతని పెట్టెలో పెట్టాను. నరసమ్మ చెప్పింది విన్న తర్వాత కూడా అక్కడే పెట్టాను. మీకు నమ్మశక్యంగా ఉండదు. ఈ రోజుకీ నాకే నమ్మశక్యంగా లేదు. అతని మీద కోపం వచ్చింది గానీ అనుమానం రాలేదు. జహాజీ తప్పు చేస్తాడు, అబద్ధం చెప్తాడు, కానీ జహాజీ పెట్టెలో పెట్టినది చెడిపోదు. అది మా రక్తంలో అలా ఇంకిపోయింది. పైగా నేను రాసేది ఇంగ్లీషులో, అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇక భయమేముంది?

ఫిజీ పల్లెలో పెద్దాయన చాప మీద కూర్చోబెట్టి, వేరు దంచి నీళ్ళలో కలిపిన యంగోనా పోశాడు. కొబ్బరిచిప్పలో ఆ మట్టిరంగు నీళ్ళు తాగి, చప్పట్లు కొట్టి, అప్పుడు నా ప్రశ్న అడిగాను. చట్టం అందరికీ ఒకటేనా? ఆయన ఎదురు ప్రశ్న వేశాడు, మీరు లైను దాటిపోవాలంటే ఎవరినైనా అడగాలా అని. కాగితం కావాలన్నాను. "మా ఊరు దాటాలంటే మాకూ కాగితం కావాలి" అన్నాడాయన. ఆ మాటకు అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అంతవరకు ఈ దేశం వాళ్ళది, బంధనం మాది అనుకునేవాణ్ణి. వాళ్ళేమో నేల తమదే గానీ డబ్బు మాదనుకుంటున్నారు. నది ఒడ్డున ఉన్న ఇద్దరినీ చెరో కాగితంతో కట్టేసినవాడి గురించి మాత్రం ఇద్దరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇలాంటి సంగతులు తెలుస్తాయి కనుకనే ఈ పని గొప్పదని ఆ రోజు నాకు అనిపించింది. ఎంతో సంతోషంగా తిరిగొచ్చాను.

గవరయ్య కట్ట నాకు అప్పగించాడు. నేను లెక్కపెట్టుకోలేదు.

కోర్టు

రెండు వారాలు గడిచాయి. పట్టణంలో కోర్టు రోజు. కోర్టులో జీతానికి ఉన్న దుభాషీకి హిందూస్తానీ తప్ప రాదు. తెలుగువాళ్ళ కేసు వస్తే మా దొరను అడిగి నన్ను పిలిపించేవారు. ఆ రోజు నన్ను పిలిస్తే వెళ్ళాను. దొర కూడా చూద్దామని వచ్చి వెనకబల్ల మీద కూర్చున్నాడు.

బోనులో నరసమ్మ నిలబడి ఉంది.

నేరం ఏమిటంటే, ఫలానా మంగళవారం టాస్కు పూర్తి చేయకుండా చేను విడిచి పోయింది. గవరయ్య ప్రమాణం చేసి చెప్పాడు. మధ్యాహ్నం రెండు గంటలకు కొలవడానికి పోతే మనిషి లేదన్నాడు. ఇలాంటి కేసుల్లో సర్దార్ ఒకటంటాడు, కూలీ ఒకటంటుంది, మేజిస్ట్రేటు తనకు తోచింది రాస్తాడు. కానీ ఆ రోజు కులంబర్ లేచి, రాతపూర్వకమైన సాక్ష్యం ఉందన్నాడు. ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

నా కాగితం. నా ముత్యాల అక్షరాలు. వాగు ఒడ్డు, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు. పైన గుండుసూది చిల్లులు రెండు కనబడుతున్నాయి. రెండో కాగితం లేదు.

గవరయ్య వైపు చూశాను. అతను చూపు తిప్పుకోలేదు. తమ్ముడి ఇంట్లోంచి ఉప్పు తెచ్చుకున్నంత మామూలుగా నిలబడి ఉన్నాడు.

"ఇది నీ రాతేనా?" అని మేజిస్ట్రేటు నన్నడిగాడు.

అవునన్నాను. అది తప్పు కాదు. నా రాతే కదా.

"నువ్వేమైనా చెప్పుకుంటావా అని ఆమెను అడుగు" అన్నాడు.

కాగితంలో ఏముందో చెప్పి అడిగాను. నరసమ్మ కంగారు పడలేదు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నట్టే కనిపించింది. గడగడా చెప్పింది. "ఆ కాయితంలో ఉన్నది నిజమే బాబూ. నాను వాగుకాడే ఉన్నాను. గానీ అది సగమే. ఇంకో కాయితం ఉన్నాది, నువ్వే రాసినావు. టాస్కు అయిపోనాదని, సర్దార్ కొలవడానికి రాలేదని, కులంబర్ గుర్రమేసుకొస్తాడని అంతా రాసినావు. అది కూడా సదవమని కోర్టు దొరగారికి సెప్పు. నీకు నోటికొచ్చు గదా, సదివినట్టు సెప్పీ."

నాకు నోటికి వచ్చు. ఒక్క అక్షరం పోకుండా వచ్చు.

మేజిస్ట్రేటు కలం పట్టుకుని నా నోటి వైపు చూస్తున్నాడు. ఆ పొద్దున దారిలో దొర నాతో అన్నాడు, మనం ఎవరి పక్షమూ కాదు, మనం అడగడానికి వచ్చాం, ఒక ఎస్టేటు తలుపు మూసుకుంటే అన్ని తలుపులూ మూసుకుంటాయని. అది గుర్తొచ్చిందని తర్వాత చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు గుర్తొచ్చింది వేరు. రెండో కాగితం ఉందని చెబితే, ఈ మొదటిది కులంబర్ చేతికి ఎలా వెళ్ళిందని అడుగుతారు. సర్దార్ పెట్టెలో పెట్టానని చెప్పాలి. దొర వింటాడు. నా పేరు పెట్టి పిలిచే ఒక్క తెల్లమనిషి నన్ను పనికిరానివాడని తీసేస్తాడు. నేను మళ్ళీ చెరకులోకి పోవాలి. భయం అంతే. దానికి ఇంకో పేరు లేదు.

"నిజమేనంటోంది" అన్నాను ఇంగ్లీషులో.

"నేరం ఒప్పుకుంది" అని మేజిస్ట్రేటు రాసుకున్నాడు. వెనకబల్ల మీద మా దొర కూడా చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

నెల్లాళ్ళు జైలు. ఏడో నెల నిండిన మనిషికి. కోర్టుకు వచ్చిన రోజులు, జైల్లో ఉన్న రోజులు, ఒంట్లో బాగాలేక పనికి పోలేని రోజులు, అన్నీ కలిపి ఆమె గిర్మిట్‌కు తగిలించారు. కోర్టు బయట అప్పన్న నిలబడి ఉన్నాడు. ఇంటి కప్పుకు గడ్డి కొనుక్కుని అటునుంచి అటే వచ్చాడట. అతని పక్కనుంచి తల వంచుకుని వెళ్ళిపోయాను. నరసమ్మకు ఆడపిల్ల లైనులోనే పుట్టిందని తర్వాత ఎవరో చెప్పారు.

పైవాళ్ళ గురించి, నా గురించి

గవరయ్యను ఆ తర్వాత ఒక్కసారి నిలదీశాను. "నన్నేం సెయ్యమంటావురా? కులంబర్ అడిగినాడు, ఇచ్చినాను. నీకు దొర ఉన్నాడు, నాకు కులంబర్ ఉన్నాడు" అన్నాడు. అతన్ని తిట్టుకోవడం తేలిక. కంచే చేను మేసిందంటారు. కానీ ఆ కంచె పక్కన చేనును తీసుకెళ్ళి పెట్టింది ఎవరు?

మా దొర చెడ్డవాడు కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీకు దొరికే పైవాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కారు. రెండో కాగితం పోయిందని ఆ సాయంత్రం చెప్పాను, సర్దార్ పెట్టెలో పెట్టానని కూడా చెప్పాను. నేను అంత భయపడిన తిట్లు ఆయన తిట్టనేలేదు. పాపం అన్నాడు, గుర్తున్నంతవరకు మళ్ళీ రాసివ్వమన్నాడు. రాసిచ్చాను. కోర్టులో నేను మింగేసిన మాట మాత్రం చెప్పలేదు. అక్కడ కూడా సగమే.

కొన్నేళ్ళకు ఆయన పుస్తకం అచ్చయింది. ఒక ప్రతి నాకు పంపాడు, ప్రేమగా సంతకం పెట్టి. ఆత్రంగా తిరగేశాను. నరసమ్మ వాగు దగ్గర చెప్పింది ఎక్కడా లేదు. అసలు ప్రతి లేని నకలు సాక్ష్యంగా చెల్లదని వదిలేసినట్టు ముందుమాటలో ఒక చోట చెప్పాడు. న్యాయస్థానాల గురించిన అధ్యాయంలో మాత్రం నాకు తెలిసిన సంగతి ఒకటి కనబడింది. మద్రాసు వైపు నుంచి వచ్చిన ఆడకూలీలు కోర్టులో వాదన లేకుండా నేరం ఒప్పుకుంటారట. దాన్నిబట్టి చట్టం వాళ్ళకు అర్థమవుతోందనీ, న్యాయం మీద వాళ్ళకు నమ్మకముందనీ, ఈ విషయంలో జాతుల మధ్య తేడా పెద్దగా కనబడదనీ తేల్చాడు. కింద చిన్న అక్షరాల్లో, తాను స్వయంగా కోర్టులో కూర్చుని చూసిన సంగతి ఇది అని కూడా రాశాడు.

నేను పుస్తకం మూసేశాను. ఒక గదిలో భయపడి నేను మింగిన మాట, సముద్రాలు దాటి, అచ్చయి, సమానత్వానికి రుజువై తిరిగొచ్చింది. దాన్ని ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా ఎత్తి చూపొచ్చు. నేను చెప్పింది ఒకే ఒక్క మాట.

పిల్లలూ, మీకు ఎంతమంది జవాబు చెప్పారన్నది తర్వాత చూసుకోండి. మీరు ఎవరింట్లో తింటున్నారో ముందు చూసుకోండి. పేరు రాయనంత మాత్రాన మనిషి దాగిపోడని తెలుసుకోండి. ఎవరి పక్షమూ కాదని ఎవరైనా మీకు చెబితే, అలా ఉండడానికి ఆ రోజు ఎవరు ఎంత ఖరీదు కడుతున్నారో అడగండి. నాకు ఇవన్నీ చాలా ఆలస్యంగా తెలిశాయి.

నరసమ్మ చేను

పుస్తకం చదివిన తర్వాత నేను ఆగలేకపోయాను. అప్పటికి గిర్మిట్ రద్దయింది. లైన్లు చాలావరకు ఖాళీ. లబాసా పట్టణానికి ఇవతల అప్పన్న కౌలుభూమి ఎక్కడో కనుక్కుని వెళ్ళాను. నరసమ్మ తన చేలో తానే కలుపు తీస్తోంది. కొంచెం లావైంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు.

గట్టు మీద నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ రోజు కోర్టులో నువ్వు చెప్పిందంతా నేను చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను."

"తెల్సు" అంది, చెయ్యి ఆపకుండా.

"ఎలా తెలుసు? నీకు ఇంగ్లీషు రాదు కదా?"

"నాను సెప్పింది అంత పొడుగున్నాది. నువ్వు సెప్పింది బెత్తెడు. అంతమాత్తరం తెల్దేటి?"

మళ్ళీ అడిగాను. "మరి అప్పుడే ఎందుకు అరవలేదు? వీడు నా మాట చెప్పడం లేదని మేజిస్ట్రేటుతో అనవలసింది కదా?"

ఆమె నడుం ఎత్తి నిలబడింది. నన్ను తిట్టడానికి కాదు. ఇంత చిన్న సంగతి ఇంత చదువుకున్నవాడికి తెలియదా అన్నట్టు చూసింది.

"ఏ నోటితో సెప్పమంటావు బాబూ? ఆ గదిలో నా మాట తెలిసినోళ్ళు ఇద్దరే. ఒకడు నా మీద సాచ్చికం సెప్పినోడు. రెండోవోడివి నువ్వు. నీ మీద నేరం సెప్పుకోవాలన్నా నీ నోటితోనే గదా సెప్పించుకోవాల."

అలా అని వంగి, తన సాలులో తను ముందుకు సాగిపోయింది.